అమ్మ సమాధికి సున్నం

విశాఖపట్నం
3 మార్చి 2025

తమ్ముడు ఏలీయాకి, మరదలికి ప్రభువునందు వందనాలు.

నా కుడి మోకాలు మార్చేరు. పాతది ఏం చేసేరని అడిగితే డాక్టరు నవ్వేడు గాని చెప్పలేదు. రోజుకి రెండుపూటలా ఒక పిల్ల వచ్చి కాలు వంచమంటుంది, లెక్కపెడుతుంది, మళ్ళీ వంచమంటుంది. ముప్పై ఆరేళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించిన పాపం ఈ పిల్ల చేతిలో తీరుతోంది. కూతురింట్లో ఉన్నాను కాబట్టి ఏ లోటూ లేదు. ఇందిర బాగానే చూస్తోంది, కాకపోతే కూరలో కారం వెయ్యదు.

ఫోను చెయ్యొద్దు. చెవిలో పెట్టుకున్న మిషను ఈల వేస్తుంది తప్ప నీ మాట వినపడదు. ఇందిర ఫోనులో మెసేజి పెడితే ఇంటిల్లిపాదీ చదువుతారు. కాయితం మీద రాయి. నీ దస్తూరీ చిన్నప్పుడే కోడి కెలికినట్టుండేది, అయినా చదువుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. ఏప్రిల్ ఇరవైన ఈస్టరు. నేను కొత్తపేట వెళ్ళేలా లేను, డాక్టరు బస్సు ఎక్కొద్దన్నాడు. అమ్మ సమాధి దగ్గర పండగ తెల్లవారుజామున మన ఇంటి మనిషి ఒక్కరూ లేకుండా ఉండడం నాకు ఇష్టం లేదు. నువ్వు వెళ్ళు. అమ్మని సాగనంపిన మర్నాడు రైలెక్కినవాడివి, పదమూడేళ్ళయింది, ఆ ఊరి మొహం చూడలేదు. రైల్వేలో రిటైరయ్యేవు, సెలవు చీటీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. తాళం ఎదురింటి వీరాయమ్మ దగ్గరుంది, భోజనం కూడా తనే పెడుతుంది. పండగ ముందు శనివారం సున్నం వెయ్యాలి, పేరు మళ్ళీ నల్లరంగుతో దిద్దాలి. సున్నంలో చిటికెడు నీలిమందు వెయ్యి. ఎక్కువేస్తే గోడలా ఉంటుంది.

ఇంకొక్క మాట. చిట్టిబాబు జోలికి పోకు. పండగకి వెళ్తున్నావు, పండగ చేసుకుని రా.

నీ అక్క,
ప్రసన్నకుమారి


నాగపూర్
14 మార్చి 2025

అక్కకి, అక్క కొత్త మోకాలికి వందనాలు.

వస్తున్నాను. పన్నెండో తారీఖుకి అక్కడ దిగేలా టిక్కెట్టు తీసేను. మీ మరదలు రాదు, మనవరాలి పరీక్షలట. నేను లేకపోతే గురక లేకుండా పది రోజులు నిద్రపోతానని సంబరపడుతోంది. పడనీ.

అంతా బానే రాసేవు గాని, చివర చిట్టిబాబు పేరెందుకు రాసేవు? నేను తలుచుకోలేదు కదా. ఇప్పుడు రోజూ వాడే గుర్తొస్తున్నాడు.

నీకు తెలీనిదేముంది. వాడికి ఏడో ఏటే తల్లి పోయింది. తండ్రి కొబ్బరిచెట్లెక్కి దింపులు తీసేవాడు, పొద్దుటే పోతే సందేళకి గాని రాడు. వాళ్ళ నానమ్మ, మన పేటలో తింటున్నాడని వీపు మీద నాలుగు వేసేది. అయినా గోడ దూకి వచ్చేవాడు. అమ్మ కంచంలో అన్నం కలిపి మొదటి ముద్ద వాడికి పెట్టి, రెండోది నాకు పెట్టేది. ‘తల్లి లేనోడురా’ అనేది. నాకు ఒళ్ళు మండేది. మనిద్దరికీ ఉన్నది ఒక్క అమ్మ, అందులోనూ వాటా పట్టుకుపోయేడని.

అలాంటివాడు అర మైలు దూరంలో ఉండి, అమ్మ పోతే రాలేదు. నేను రైల్లో ఇరవై గంటలు కూర్చుని వచ్చేను, వాడు సైకిలు మీద పది నిమిషాలు రాలేకపోయేడు. మంచికి పిలిస్తే వెళ్ళాలి, చెడ్డకి పిలవకపోయినా వెళ్ళాలి అని అమ్మే చెప్పేది, వాడికీ చెప్పేది. పెట్టె దింపేటప్పుడు నా పక్కన వాడుంటాడనుకున్నాను. ఒక్క పిడికెడు మట్టి వెయ్యలేదు.

వాడి జోలికి నేనెందుకు పోతాను? కాని ఎదురుపడితే మాత్రం ఒక్క మాట అడుగుతాను. ఎందుకు రాలేదురా అని. అంతే. ఆ మాట పదమూడేళ్ళుగా గొంతులో ముల్లులా ఉంది.

కాలు జాగ్రత్త. ఆ పిల్ల లెక్కపెట్టేటప్పుడు తప్పు పట్టకు.

ఏలీయా


విశాఖపట్నం
22 మార్చి 2025

ఏలీయాకి,

ఉత్తరం చేరింది. దస్తూరీ మారలేదు, బుద్ధీ మారలేదు.

ఒరేయ్, అడగొద్దు. ఎందుకొద్దంటే, పెద్దదాన్ని చెప్తున్నాను కనక వద్దు. చిట్టిబాబు ఇప్పుడు కూలివాడి కొడుకు కాదు, బస్టాండు దగ్గర పెద్ద కొబ్బరి కొట్టు పెట్టేడు, నలుగురికి పని ఇస్తున్నాడు. ఆ మధ్య గుండెకి ఏదో వైద్యం కూడా చేయించుకున్నాడని విన్నాను. అలాంటి మనిషిని నడిబజార్లో నిలేసి అడుగుతావా? నీకూ బీపీ ఉంది. ఎదురుపడితే బాగున్నావా అను, సాగిపో.

నేను బజారుకెళ్తే ఎప్పుడైనా కనిపించేవాడు. ‘బాగున్నారా అక్కగారండీ’ అని పక్కకి తప్పుకునేవాడు. నాతో ఏ గొడవా లేదు.

అటకమీద ఇత్తడి గిన్నె ఉంటుంది, సున్నం అందులో కలపకు. ప్లాస్టిక్ బకెట్టు బాత్రూములో ఉంది. పేరు దిద్దడానికి సన్న బ్రష్షు నా బల్ల సొరుగులో ఉంది.

మళ్ళీ చెప్తున్నాను. అడగొద్దు.

ప్రసన్నకుమారి


కొత్తపేట
13 ఏప్రిల్ 2025, మట్టల ఆదివారం

అక్కా,

నిన్న మధ్యాహ్నం దిగేను. రావులపాలెం వంతెన మీద బస్సు కాస్సేపు ఆగింది, గోదాట్లో ఇసుకే ఎక్కువ కనపడింది. పక్కన కూర్చున్న కుర్రాడు ‘తమరు ఏ ఊరండీ’ అన్నాడు. కొత్తపేట అన్నాను. ‘ఎవరింటికండీ’ అన్నాడు. సువార్తమ్మగారి అబ్బాయిని అన్నాను. వాడికి పాతికేళ్ళుంటాయి, అమ్మ వాడికెలా తెలుస్తుంది? అయినా నా నోట్లోంచి అదే వచ్చింది.

ఇల్లు శుభ్రంగా ఉంది. వీరాయమ్మ తాళంతో పాటు నీ ఆరోగ్యం, నా ఆరోగ్యం, నా పిల్లల జీతాలు అన్నీ గుమ్మంలోనే అడిగేసింది. రాత్రి రొయ్యలూ మునక్కాడలూ వండింది. నాగపూర్‌లో ముప్పై తొమ్మిదేళ్ళున్నాను, ఈ రుచి మీ మరదలికి పట్టుబళ్ళేదు. ఇది ఆవిడకి రాయకు.

ఇవాళ గుడికెళ్ళేను. అందరూ కొబ్బరిమట్టలు పట్టుకుని పాడుతూ ఊరేగేరు. ముసలాళ్ళు నలుగురు నన్ను గుర్తుపట్టేరు. ముత్యాలరాజు, అదే నాతో పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు, మెడ పట్టుకుని వదల్లేదు. ఇన్నాళ్ళూ రానందుకు తిట్టేడు. తిట్టించుకోవడం హాయిగా ఉంది.

తరవాత కాలవ గట్టు మీద నడిచి సమాధుల దొడ్డికి వెళ్ళేను. అక్కా, నీకు నిజంగా దండం పెట్టాలి. చుట్టూ సమాధుల మీద పిచ్చిమొక్కలు నడుమెత్తు ఉన్నాయి. అమ్మ చుట్టూ ఒక్క గడ్డిపోచ లేదు. పోయినేడు వేసిన సున్నం ఇంకా చెక్కుచెదరలేదు. ఒక మూల పగులు వస్తే సిమెంటు కూడా పెట్టించేవు. ఎవర్ని పెట్టేవో గాని బంగారం లాంటి మనిషి. వాడి పేరు రాయి, పండక్కి బట్టలు పెడతాను.

ఇక రెండోది. నిన్న బస్సు దిగగానే చిట్టిబాబు కనపడ్డాడు. కొట్టు ముందు కుర్చీ వేసుక్కూచున్నాడు. జుట్టంతా పోయింది. నన్ను చూసేడు, గుర్తుపట్టేడు, మొహం తిప్పేసుకున్నాడక్కా! తప్పు చేసినవాడు వాడు, మొహం తిప్పేది కూడా వాడేనా?

నువ్వు అన్నిసార్లు వద్దు వద్దంటుంటే నాకు అనుమానం వస్తోంది. వాడు నిన్ను ఏమైనా అన్నాడా? ఒంటరి ఆడమనిషివని ఏదైనా పేచీ పెట్టేడా? నాకు దాచకు. అలాంటిదేదైనా ఉంటే మాత్రం నేను మామూలుగా అడగను.

రేపు పోస్టాఫీసు సెలవు, ఎల్లుండి వేస్తాను.

ఏలీయా


విశాఖపట్నం
17 ఏప్రిల్ 2025

ఏలీయా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఇందిర ఆఫీసుకెళ్తూ స్పీడు పోస్టు చేస్తానంటే, ఆగమని కూర్చోబెట్టి రాస్తున్నాను.

సమాధి నేను చేయించలేదు. మూడేళ్ళుగా ఆ గట్టు మీద నేను నడవలేదు, నడిచే మోకాళ్ళు లేవు, ఆ మాట నీకు రాయలేదు. పండగ ఆరాధన గుళ్ళోనే కూర్చుని కానిచ్చేదాన్ని. సమాధికి సున్నం వేసేరని ఎవరో చెప్తే, పండక్కి నువ్వు పాస్టరుగారికి పంపే కానుకలోంచి చేయిస్తున్నావనుకున్నాను. నువ్వు నేననుకున్నావు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం మెచ్చుకుంటూ కూర్చున్నాం.

రెండో సంగతి. చిట్టిబాబు నన్ను ఏమీ అనలేదు. నేనే వాణ్ణి అన్నాను.

అమ్మ పోయిన రోజు సాయంత్రం వాడు వచ్చేడు. ఐసు పెట్టె వసారాలో పెట్టేం, పేటంతా అక్కడే ఉంది, నువ్వింకా రైల్లో ఉన్నావు. డిసెంబరు నెల. వాడు నల్లబట్టలు కట్టుకుని, అయ్యప్ప మాలలో ఉన్నాడు. పరుగున వచ్చేడు, గేటు తీసేడు. నాకు ఒక్కటే తట్టింది. మాలలో ఉన్నవాళ్ళు శవాన్ని చూడకూడదు, దీక్ష చెడుతుంది. నేను వసారాలోంచి లేచి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచేను. ‘ఆగు, అక్కడే ఆగు, లోపలికి రాకు, వెళ్ళిపో’ అని. క్లాసులో అరిచినట్టు అరిచేను. ఎందుకో చెప్పలేదు. అందరూ వాడి వంక చూసేరు. వాడు గేటు పక్కన జామచెట్టు కింద నిలబడ్డాడు. నేను మళ్ళీ ‘వెళ్ళు’ అన్నాను. వెళ్ళిపోయేడు.

వాడి దేవుడి దగ్గర వాడికి మాట రాకూడదనే అన్నాను. మన గుమ్మంలో వాడి దీక్ష చెడగొట్టేమని రేపు వాళ్ళవాళ్ళు అనకూడదనే అన్నాను. కాని వాడికి ఏమనిపించిందో నేను ఆలోచించలేదు. పెంచిన తల్లి పోతే గేటు దగ్గర్నుంచి గెంటేసేరనిపించి ఉంటుంది.

మర్నాడు నువ్వొచ్చి ‘చిట్టిబాబు రాలేదా’ అన్నావు. రెండు రాత్రులు నిద్ర లేదు, ‘రాలేదు’ అన్నాను. తరవాత చెబుదామనుకున్నాను. ఈలోగా నువ్వు పదిమందిలో వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేవు. ఇక ఏ మొహంతో చెప్పను? ఉత్తరంలో రాద్దామనుకున్నాను. ఒక ఏడాది ఆగిన అబద్ధం రెండో ఏడు ఇంకా బరువవుతుంది. అబద్ధం ఆడేరని ఎంతమంది పిల్లల్ని ఎండలో నిలబెట్టేనో, నన్నెవరూ నిలబెట్టలేదు.

వాడు ‘బాగున్నారా అక్కగారండీ’ అన్నప్పుడల్లా చచ్చిపోయేదాన్ని.

నువ్వు వాణ్ణి ఏమీ అనకముందే ఈ ఉత్తరం నీకు అందాలని ప్రార్థన చేస్తున్నాను. అడగొద్దన్నది అందుకేరా. వాడి కోసం కాదు, నా కోసం.

అక్క


కొత్తపేట
18 ఏప్రిల్ 2025, శుభ శుక్రవారం

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. ఇవాళ పోస్టు లేదు, ఇది రేపు వేస్తాను.

అడిగేసేను. నువ్వు తిట్టినా సరే.

నిన్న సాయంత్రం కొట్టుకి వెళ్ళేను. కొబ్బరికాయలు రాశి పోసి నలుగురు పీచు వొలుస్తున్నారు. వాడు లేచి నిలబడ్డాడు. నేను కుర్చీలో కూర్చోలేదు. ‘చిట్టిబాబూ, ఒక్క మాట. మా అమ్మ చేతి ముద్ద నాకంటే ముందు తిన్నావు. అమ్మ పోతే ఎందుకు రాలేదు?’ అన్నాను. పనివాళ్ళు చేతులాపేసేరు.

వాడు నా వంక చూళ్ళేదు. ‘ఆయ్, రాలేదండీ. తప్పేనండీ’ అన్నాడు.

అంతే. ఇంకో మాట లేదు. కారణం లేదు, సంజాయిషీ లేదు. నాతో గోళీలాడినవాడు, ‘ఒరేయ్ ఏలీగా’ తప్ప వేరే పేరు పిలవనివాడు, నన్ను ‘అండీ’ అన్నాడక్కా. అంతకంటే చెంప మీద కొడితే బావుండేది. నేను ఇంకా రెండు మాటలు అన్నాను, విశ్వాసం లేనివాడివన్నాను, ఇంకేదో అన్నాను. రాయను. వాడు తలొంచుకుని విన్నాడు. ‘కాఫీ తాగి వెళ్ళండి’ అన్నాడు. వచ్చేసేను.

పదమూడేళ్ళ ముల్లు తీసేసేను కదా, హాయిగా ఉండాలి. లేదు. ఇవాళ గుళ్ళో సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో మొదటిది, ‘తండ్రీ వీరిని క్షమించుము’, దాని మీద పాస్టరుగారు గంటసేపు చెప్పేరు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

రేపు సున్నం వేస్తాను.

ఏలీయా


కొత్తపేట
21 ఏప్రిల్ 2025

అక్కా,

నీ ఉత్తరం శనివారం పదకొండింటికి వచ్చింది. నేను పోస్టు చేసింది అప్పటికే వెళ్ళిపోయింది, ఈపాటికి నువ్వు చదివే ఉంటావు.

వీరాయమ్మ చేపల పులుసు పెట్టింది. వదిలేసేను. నేను చేపల పులుసు వదిలేసేనంటే నీ మీద ఎంత కోపం వచ్చిందో నువ్వే ఆలోచించుకో. ఒక్క మాట, అక్కా. ‘వచ్చేడు, నేనే వద్దన్నాను’ అంటే సరిపోయేది. రైలెక్కేలోపు నేనే వాడింటికి పరిగెత్తేవాణ్ణి.

మూడింటికి బకెట్లో సున్నం కలిపి, చిటికెడు నీలిమందు వేసి, గట్టు మీద వెళ్ళేను. వాడు అప్పటికే అక్కడున్నాడు. లుంగీ పైకి కట్టి, పీచు ముక్కతో అమ్మ సమాధి రుద్దుతున్నాడు. పక్కన వాడి బకెట్టు, అందులోనూ సున్నమే.

నేను బకెట్టు కింద పెట్టేను. వాడే అన్నాడు, ‘తమరు వేస్తారని తెలుసండీ. అలవాటు చొప్పున వచ్చేనండీ. వెళ్ళిపోతాను’ అని.

‘అక్క రాసింది’ అన్నాను.

‘ఏం రాసేరు?’

‘గేటు దాకా వచ్చేవని.’

వాడు రుద్దడం ఆపలేదు. ‘మాల చెడకూడదనే అన్నారావిడ. ఇంటికెళ్ళేక నాకూ తట్టింది’ అన్నాడు.

‘మరి మొన్న అడిగితే రాలేదని ఎందుకన్నావురా?’

‘పనివాళ్ళ ముందు మీ అక్కే వెళ్ళిపోమందని చెప్పమంటావా? మీ అరుగు మీద మనిద్దరికీ బడి పెట్టి అ ఆలు దిద్దించింది ఆవిడే. ఆవిడ పరువు నేను తీస్తానా?’

అక్కడ ‘అండీ’ పోయింది, నేను గమనించేను.

తరవాత చెప్పేడు. ఆ సాయంత్రం గేటు దగ్గర్నుంచి ఇంటికెళ్ళి నిద్రపోలేదట. తెల్లారి గురుస్వామి దగ్గరికెళ్ళి మాల తీసెయ్యమన్నాడట. దీక్ష మధ్యలో ఎందుకయ్యా అంటే, ‘మా అమ్మ పోయింది స్వామీ’ అన్నాడట. వాళ్ళమ్మ ఎప్పుడు పోయిందో ఆయనకి తెలుసు. అయినా తీసేడట. అప్పుడు తలంటు పోసుకుని, బట్టలు మార్చుకుని వచ్చేసరికి మనం పూడ్చేసి వెళ్ళిపోయేం. మట్టి మీద పూలదండలు తప్ప ఎవరూ లేరట. ఆ పక్క రోజే నేను నడివీధిలో తిట్టిన తిట్లు వాడి చెవినపడ్డాయి. గెంటిందీ వీళ్ళే, తిట్టిందీ వీళ్ళే అనుకుని మనసు విరిగిపోయిందట. ఆ ఏడాది వాడు కొండకి వెళ్ళలేదు. మళ్ళీ మాల వెయ్యలేదు.

నువ్వు సున్నం వేయించినన్నాళ్ళూ పండగ ముందు రోజు గట్టు మీంచి చూసి వెళ్ళిపోయేవాడట. మూడేళ్ళ కిందట సందేళ దాకా ఎవరూ రాలేదు. ‘మట్టి వెయ్యడం నా చేతికి దక్కలేదు. సున్నమైనా వేద్దామనిపించింది’ అన్నాడు.

ఏడ్చేను, అక్కా. అరవై ఆరేళ్ళ వాణ్ణి, సమాధి పట్టుకుని ఏడ్చేను. మొన్న అన్న మాటలకి క్షమించరా అన్నాను. వాడు చెయ్యి చాపి, ‘ఆయ్, ఆ కుంచె ఇటియ్యండి. సున్నం వెయ్యడం రైల్వేవాళ్ళ వల్ల కాదండీ’ అన్నాడు. ఈ ‘అండీ’ వేరు. నవ్వేను.

ఎడమవైపు వాడు, కుడివైపు నేను వేసేం. వాడి బకెట్లో నీలిమందు ఎక్కువైంది. ఒకవైపు తెలుపు, ఒకవైపు నీలం. నువ్వు చూస్తే మళ్ళీ వేయిస్తావు. పేరు మాత్రం నేనే దిద్దేను.

నిన్న తెల్లవారుజామున సమాధుల దొడ్డిలో పండగ ఆరాధనకి వచ్చేడు. గట్టు మీద నిలబడబోతే ముత్యాలరాజు లాక్కొచ్చి చేతిలో కొవ్వొత్తి పెట్టేడు. అయ్యాక వీరాయమ్మ మా ఇద్దరికీ ఒకే పళ్ళెంలో పెసరట్లు పెట్టింది. మొదటిది వాడికిచ్చేను.

నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. ఇరవై ఏడు ఆదివారం ఇద్దరం విశాఖపట్నం వస్తున్నాం. వాడికి నువ్వు రాసిందంతా చెప్పేను, ‘పాపం అక్కగారు’ అన్నాడు తప్ప ఇంకేమీ అనలేదు. బొండాలు బస్తాడు తెస్తానంటున్నాడు.

పదకొండింటికి చేరతాం. ఇందిర గాని అల్లుడు గాని తలుపు తియ్యకూడదు. కర్ర పట్టుకునైనా, ఆ పిల్ల భుజం పట్టుకునైనా, నువ్వే లేచి గుమ్మం దాకా రావాలి. నేనేమీ మాట్లాడను, వెనకాల నిలబడతాను. లోపలికి రా చిట్టిబాబూ అని నీ నోటితో నువ్వే పిలవాలి. క్లాసులో పిలిచినట్టు, గట్టిగా.

తమ్ముడు,
ఏలీయా